బొట్టు కింద రెండు వేళ్ళు

మా అంకప్ప సార్‌కు ఎలక్ట్రానిక్స్ రాదని ఎవరైనా అంటే నేను ఊరుకోను. కంప్యూటర్ రాదంటే మాత్రం ఊరుకుంటాను, ఎందుకంటే అది నిజం. అది నిజమని తెలిసి కూడా ఆయన చేతికి ముప్పై కంప్యూటర్లు అప్పజెప్పిన మా కాలేజీ వాళ్ళకు అసలేం వచ్చో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

హోసూరు నుంచి రాయకోటకు పోయే రోడ్డు మీద ఉంటుంది మా పాలిటెక్నిక్. అంకప్పది ఆ దారిలోనే ఉన్న ఉద్దనపల్లి. కాలేజీలో ఆయన మొదట చేరింది ఎలక్ట్రీషియన్‌గా. అంతకు ముందు చుట్టుపక్కల తోటల్లో బోరు మోటార్ల స్టార్టర్ పెట్టెలు బాగుచేసేవారట. ఎలక్ట్రానిక్స్ ల్యాబులో పాఠం చెప్పే లెక్చరర్లు ఏడాదికొకరు మారిపోతుంటే, ఏ వైరు ఎక్కడికి పోవాలో తెలిసిన మనిషి ఈయనొక్కరే మిగిలారు. దాంతో ఆయన్నే ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్‌ను చేశారు. అంతవరకు బాగానే ఉంది. తరువాత యాజమాన్యానికి జ్ఞానోదయమైంది. సోల్డరింగ్ ఐరన్లు, మీటర్లు, కాలిపోయే డయోడ్లు అన్నీ మూటగట్టి స్టోర్‌రూములో పడేశారు. ఆ గదికి ఏసీ పెట్టి, తలుపు మీద సిమ్యులేషన్ ల్యాబ్ అని బోర్డు తగిలించారు.

సర్క్యూట్ సిమ్యులేషన్ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. డయోడు, రెసిస్టరు, వైరు అన్నీ తెర మీద బొమ్మలుగా ఉంటాయి. పక్కనున్న పట్టీలోంచి వాటిని లాక్కొచ్చి, ముగ్గుకు చుక్కలు పెట్టినట్టుండే ఖాళీ జాగాలో పెట్టాలి. వాటిని గీతలతో కలిపి, పైన వరసగా ఉన్న బొత్తాల్లో రన్ అనేది వెతికి నొక్కాలి. సర్క్యూట్ సరిగా ఉంటే అల వస్తుంది, వోల్టేజీ కనబడుతుంది. తప్పయితే ఎర్ర అక్షరాలు వస్తాయి. వేలు కాలదు, పొగ రాదు, ఫ్యూజు పోదు. యాజమాన్యానికి అది నచ్చడంలో వింతేముంది?

అంకప్ప సార్‌ను మూడు రోజుల ట్రైనింగుకు కృష్ణగిరి పంపారు. అక్కడ ప్రొజెక్టర్ దగ్గర నిలబడ్డ కుర్రాడు ‘ఇక్కడ నొక్కండి, ఇప్పుడు అక్కడ నొక్కండి’ అని బస్సు తప్పిపోతున్నట్టు చెప్పుకుంటూ పోయాడట. ఆ బొత్తాలు చూస్తే ఆవగింజంత, వాటి పక్కన ఇంగ్లీషు పేర్లు అంతకంటే చిన్నవి. అప్పటికే సార్‌కు నలభై ఎనిమిదేళ్ళు, కళ్ళజోడు పెట్టుకోవడానికి నామోషీ. ఆయన అరవై పేజీల నోటుబుక్కు నిండా ఇక్కడలు, అక్కడలు రాసుకుని హోసూరు తిరిగొచ్చారు. ఏది ఎక్కడో మాత్రం అందులో లేదు.

దారి చూపించింది ఆయుధపూజ. మా వైపు ఆయుధపూజ రోజు లేత్ మిషన్ నుంచి జెరాక్స్ మిషన్ దాకా దేనికీ బొట్టు తప్పదు. కంప్యూటర్లకూ గంధం, కుంకుమ పెట్టారు. ఆ కుంకుమ మా కొట్టుదే. మా నాన్న హనుమంతయ్యకు మత్తిగిరిలో కిరాణా కొట్టుంది. కాలేజీ పూజ సామానంతా అక్కడి నుంచే పోతుంది. ఒకసారి పెడితే తుడిచినా పోని సరుకని నాన్న గొప్పగా చెప్పుకుంటారు. ఆ మాట ఎంత నిజమో తరువాత నాకు బాగా తెలిసొచ్చింది.

మానిటర్ పైఅంచున పెట్టిన బొట్టు సరిగ్గా రన్ బొత్తానికి ఎగువన పడింది. అంకప్ప సార్ దాన్ని చూశారు. ఇక అక్షరాలు చదవాల్సిన అవసరం ఆయనకు తీరిపోయింది.

“బొట్టు కనబడతా ఉండాదా అందరికీ? దాని కింద రెండు వేళ్ళు. ఆడ నొక్కితే రన్. బొట్టుకు ఎడమ పక్క నాలుగు వేళ్ళు. ఆడ నొక్కితే సేవ్. ఇంక యాడా ఏదీ ముట్టద్దండి.”

మొదటి రోజు నేను నోరు మూసుకుని ఉండలేక, “ఎవరి వేళ్ళు సార్?” అని అడిగాను.

“నా వేళ్ళమ్మా, ఇంకెవురివి?” అన్నారు ఆయన, కొంచెం కూడా నవ్వకుండా.

మరుసటి క్లాసుకు ఆ సందేహం కూడా తీర్చేశారు. తన రెండు వేళ్ళను స్కేలుతో కొలిపించి, మూడున్నర సెంటీమీటర్లు అని రికార్డులో రాయించారు. రికార్డంటే ప్రయోగం ఎలా చేశామో రాసి, బొమ్మ గీసి, ఇన్‌స్ట్రక్టర్ చేత సంతకం పెట్టించుకునే పెద్ద అట్ట పుస్తకం. అది లేకుండా పరీక్షలో మార్కులు పడవు. మేము కంప్యూటర్ తెరను పెన్సిలుతో, స్కేలుతో, ఒక్క బొత్తాం కూడా వదలకుండా రికార్డులో గీసేవాళ్ళం. కావలసిన పరికరాలు: కంప్యూటర్ ఒకటి, మౌస్ ఒకటి. బొట్టు అని రాస్తే బాగుండదని దానికి రెఫరెన్స్ పాయింట్ అని పేరు పెట్టారు. రెఫరెన్స్ పాయింట్ నుంచి మూడున్నర సెంటీమీటర్లు కిందికి రావలెను. ఇది చదివిన ఇన్స్‌పెక్షన్ వాళ్ళు ఒకసారి మెచ్చుకుని కూడా వెళ్ళారు.

ఏటా ఆయుధపూజకు సార్ స్టీలు స్కేలు పట్టుకుని ముప్పై మానిటర్లకూ పాత చోటు కొలిచి కొత్త బొట్లు పెట్టేవారు. వెనకాల పూజారి హారతి పళ్ళెంతో, ప్రిన్సిపాల్ గుమ్మడికాయతో నిలబడి ఎదురుచూసేవారు. అరగంట పట్టేది. భక్తి అనుకుని అందరూ ఓపిక పట్టేవారు.

ఇక నా సంగతి. నా పేరు స్మిత. నాకు కొంచెం తలపొగరు ఉండేదని ఒప్పుకుంటాను. ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే సిమ్యులేటర్ వేసుకుని, ఏ బొత్తాం పేరేమిటో చదివి నేర్చుకున్నాను. రన్‌కు బొత్తాం వెతకనక్కర్లేదు, కీబోర్డులో ఒక మీట నొక్కితే చాలు. ల్యాబులో అలాగే చేశాను. అంకప్ప సార్ నా వెనక నిలబడి చూశారు.

“ఏమ్మా, బొట్టు ఈడుంటే నీ చెయ్యి యాడికి పోతా ఉండాది?”

“ఇలా కూడా అవుతుంది సార్.”

“అయితే కానీ. రికార్డులో ఉండేది అట్ల కాదు కదా.”

నా రికార్డులో నేను బొట్టు గీయలేదు, వేళ్ళు కొలవలేదు. మూడుసార్లు తెచ్చి ఇస్తే మూడుసార్లూ సంతకం లేకుండా వెనక్కి ఇచ్చారు. నేను మార్చలేదు.

మార్చి ఉండాల్సింది, ఎందుకంటే నాకు పోయేది చాలా ఉంది. జనవరిలో సిప్‌కాట్ పారిశ్రామికవాడలోని ఒక ఫ్యాక్టరీ వాళ్ళు వచ్చి మా క్లాసులో ముగ్గురిని ఉద్యోగానికి తీసుకున్నారు. అందులో నేనొకదాన్ని. జూలై ఒకటిన చేరాలి, ఆ లోపు అన్ని పరీక్షలూ పాసై ఉండాలి. మిగిలింది ఈ ఒక్క ప్రాక్టికల్. నాన్న చక్కెర పొట్లం కట్టిస్తూ, పప్పు తూస్తూ, వచ్చిన ప్రతి మనిషికీ పాప ఫ్యాక్టరీకి పోతుందని చెప్పుకున్నారు. అంకప్ప సార్‌కూ ఒక ఆశ ఉంది. ఆయన ల్యాబులో రెండేళ్ళుగా నూటికి నూరు మంది పాస్. మూడో ఏడూ అంతే వస్తే పర్మనెంట్ చేస్తామని యాజమాన్యం చెప్పింది.

సాఫ్ట్‌వేర్ లైసెన్సు మార్చి ముప్పై ఒకటితో అయిపోయింది. పరీక్ష ఏప్రిల్ మొదటి సోమవారం. ముందురోజు ఆదివారం ఎవరో వచ్చి ముప్పై సిస్టముల్లోనూ కొత్త వెర్షన్ వేసిపోయారు. సోమవారం పొద్దున అంకప్ప సార్ ల్యాబ్ తెరిచి, వరసగా నడుస్తూ అన్నీ చూసుకున్నారు. ముప్పై బొట్లూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. తృప్తిగా బయటకొచ్చి మమ్మల్ని లోపలికి పిలిచారు.

అందరికీ ఒకటే ప్రయోగం: బ్రిడ్జ్ రెక్టిఫయర్. నాలుగు డయోడ్లు పెట్టి, అటూఇటూ ఊగే కరెంటును ఒకే వైపు పోయేలా చెయ్యాలి. డయోడ్లు పాత పట్టీలోనే ఉన్నాయి కాబట్టి అందరూ సర్క్యూట్ గీసేశారు. తరువాత ఇరవై తొమ్మిది మంది బొట్టు కింద రెండు వేళ్ళు ఆనించి, ఆ చోటికి మౌస్ తెచ్చి నొక్కారు. కొత్త వెర్షన్‌లో ఆ చోట ఉన్నది రన్ కాదు, కొత్త పేజీ. సేవ్ చెయ్యాలా అని అడిగింది. ఇంక యాడా ఏదీ ముట్టద్దని సార్ చెప్పి ఉన్నారు గనక అందరూ వద్దన్నారు. తెరలన్నీ ఒక్కొక్కటిగా తెల్లబోయాయి. కొందరు అదే రిజల్టు అనుకుని చేతులు కట్టుకుని కూర్చున్నారు.

నేను మీట నొక్కాను. అల వచ్చింది. గదిలో నా ఒక్కదాని తెర మీదే వచ్చింది.

అంకప్ప సార్ మొహం చూడాలి. ఏసీ గదిలో చొక్కా తడిసిపోయింది. వరసలో వంగి వంగి చూసుకుంటూ నా దగ్గరికొచ్చి ఆగారు. ఎక్స్‌టర్నల్, అంటే బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షాధికారి, ఆ చివర కుర్చీలో కాఫీ తాగుతున్నారు. సార్ గొంతు తగ్గించి అడిగారు.

“స్మితమ్మా, రన్ యాడికి పోయినాదమ్మా?”

చెప్పొచ్చు. కుడివైపు మూలకు పోయిందని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ మూడుసార్లు వెనక్కి వచ్చిన రికార్డు నా ఒళ్ళో ఉంది.

“బొట్టును అడగండి సార్,” అన్నాను.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సగం సిగ్గు, సగం సంతోషం. ఆ సంతోషానికీ సిగ్గుపడాలని తెలుసు, కానీ పడలేను.

ఆయన గది మధ్యకు పోయి, “ఎవురూ ఏదీ ముట్టద్దండి. రికార్డులో చేసినట్లే పేపరు మీద రిజల్టు వేసేయండి,” అన్నారు. ఇరవై తొమ్మిది మంది తెల్లటి తెరల ముందు కూర్చుని, చూడని అలను పెన్సిలుతో చక్కగా గీశారు. దాని ఎత్తు పన్నెండు వోల్టులని రాశారు. కృష్ణగిరి నోటుబుక్కులో పన్నెండని ఉంది మరి. నా తెర మీద వచ్చింది పదిన్నర చిల్లర. లోపలికి పంపింది పన్నెండే, కానీ దారిలో రెండు డయోడ్లు తలా ముప్పావు వోల్టు దాకా తినేస్తాయి. నేను కనబడిందే రాశాను.

ఎక్స్‌టర్నల్ పేపర్లు తిరగేశారు. సిస్టముల వైపు ఒక్కసారి కూడా రాలేదు. రెఫరెన్స్ పాయింట్ చదివి బాగుందన్నట్టు తలూపారు. నా పేపరు దగ్గర ఆగి నన్ను పిలిచారు.

“అందరికీ పన్నెండు వస్తే నీకెందుకమ్మా రాలేదు?”

“డయోడ్లలో పడిపోతుంది సార్. వచ్చి చూడండి, తెర మీద ఉంది.”

“మిగతావాళ్ళ డయోడ్లలో పడలేదే?” అని, నా రికార్డు తెరిచి, సంతకం లేని పేజీలు చూసి, అంకప్ప సార్ వైపు తోశారు.

రికార్డు లేకపోతే మార్కులు లేవు. మార్కులు లేకపోతే ఫెయిల్. ఒక్క ఫెయిల్ ఉంటే నూటికి నూరు కాదు. జూన్‌లో రిజల్ట్స్ వచ్చినప్పుడు నా నంబరు పక్కన ఫెయిలని లేదు. ఆబ్సెంట్ అని ఉంది. పరీక్షకు వచ్చినవాళ్ళలో నూటికి నూరు మంది పాసయ్యారు. అంకప్ప సార్ పర్మనెంట్ అయ్యారు.

ఫ్యాక్టరీకి పరుగెత్తాను. అక్కడి ఆఫీసులో ఉన్నాయన మర్యాదగానే మాట్లాడారు. “ఫెయిలయితే ఇంకొక ఛాన్స్ ఇస్తాము. పరీక్షకే రాని మనిషిని ఎట్ల నమ్మేదమ్మా?” అన్నారు. ఉద్యోగం అలా పోయింది.

దానికి ఏడవలేదు. ఏడ్చింది ఆ సాయంత్రం. నాన్న గిరాకీలందరినీ పంపించి, కొట్టు తలుపు సగం దించి నన్ను పిలిచారు. ఆయన అంత మెల్లగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

“ఆ పొద్దు యాడికి పోయినావమ్మా?”

“పరీక్షకే పోయినాను నాయనా.”

“రాలేదని రాసుండాది కదా. యాడికి పోయినావు, ఎవురితో పోయినావు? నిజం చెప్పు. నేను కొట్టను.”

పదిహేడో సిస్టం ముందు మూడు గంటలు కూర్చున్నదాన్ని నేను, కూర్చున్నానని నాన్నకు రుజువు చూపించలేకపోయాను. అమ్మ నా మొహం వంక చూడలేదు. వారం రోజులు మా ఇంట్లో నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు.

ఆదివారం నాన్నను మోపెడ్ మీద ఉద్దనపల్లికి లాక్కెళ్ళాను. అంకప్ప సార్ ఊరవతల టమాటా తోటలో, బోరు దగ్గర ఉన్నారు. స్టార్టర్ పెట్టె తలుపు తీసి ఉంది. ఆయన దాని ముందు గొంతుక్కూర్చుని, వాసన చూసి, ఒక కాంటాక్టు బయటకు తీసి, గరుకు కాగితంతో గీకి, మళ్ళీ బిగించి మీట నొక్కారు. పది నిమిషాలు పట్టలేదు. పైపులోంచి నీళ్ళు వచ్చాయి. ఆ పెట్టె మీదా పాత బొట్టు ఉంది. ఆయన దాని వంక చూడనైనా లేదు.

నాన్న చేతులు జోడించారు. “సార్, మా పాప ఆ పొద్దు పరీక్షకు వచ్చినాదా లేదా? ఆ ఒక్కటి చెప్పండి.”

“వచ్చినాదప్పా. పదిహేడో సిస్టంలో కూర్చోనుండె.”

నాన్న ఊపిరి వదిలింది నాకు వినబడింది.

“మరి రాలేదని ఏల రాసినారు?”

“ఫెయిలని రాయమంటావా? ఫెయిలంటే మచ్చ కదప్పా. ఆబ్సెంటంటే ఏముండాది, జరం వచ్చినాదని చెప్తే పోతాది. మేలే చేసినాను.”

ఆయన నిజంగానే నమ్మి అన్నారు. నాన్న తలూపారు. మా నాన్న తలూపడం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

“సార్, పన్నెండు వస్తుందా పదిన్నర వస్తుందా?” అని అడిగాను.

“పదిన్నరే. డయోడ్లు తినకుండా విడుస్తాయా? పన్నెండు యాడ వస్తాదమ్మా?” తడిసిన చేతులు లుంగీకి తుడుచుకున్నారు. “నీదే కరెక్టు. నాకు ఆ పొద్దే తెలుసు.”

“మరి?”

“రికార్డులో పన్నెండు ఉండాది కదమ్మా.”

స్టార్టర్ పెట్టె తలుపు మూస్తూ ఆయనే మళ్ళీ అన్నారు, నా వైపు చూడకుండా. “నవంబర్‌లో మళ్ళీ పరీక్ష ఉండాది. రికార్డు సరిగా రాసుకొని రా, సంతకం పెడతాను. ఆయుధపూజకు ఒకసారి వచ్చి పో. రన్ యాడుండాదో చూపించు.”

వెళ్ళాను. వెళ్ళనని వంద సార్లు అనుకుని వెళ్ళాను. మా కొట్టు కుంకుమ నేనే పట్టుకెళ్ళాను. సార్ స్టీలు స్కేలు నా చేతికిచ్చారు. పూజారి, ప్రిన్సిపాల్ వెనకాల నిలబడి ఉండగా, ముప్పై మానిటర్లకూ రన్ బొత్తానికి ఎగువన కొలిచి కొత్త బొట్లు పెట్టాను. అరగంట పట్టింది. పాత బొట్లు గీకడానికి ఇంకొక గంట పట్టింది.

తరువాత నలభై పేజీల రికార్డు మళ్ళీ రాశాను. ఎర్ర ఇంకుతో బొట్టు గీశాను. మూడున్నర సెంటీమీటర్లు రాశాను. నవంబర్‌లో నా తెర మీద పదిన్నర వచ్చింది. పేపరు మీద పన్నెండు రాశాను. యాభైకి నలభై తొమ్మిది. ఒక్క మార్కు ఎందుకు పోయిందని అడిగితే, “నీ వేళ్ళు సన్నమమ్మా,” అన్నారు అంకప్ప సార్. ఆయన సరదాగా మాట్లాడింది నా ఎదుట అదొక్కసారే.

ఆ ఫ్యాక్టరీ కాకపోయినా ఒక చిన్న కంపెనీలో, కాంట్రాక్టు మీద, పని దొరికింది. ఆరేళ్ళయింది. ఇప్పుడు టెస్టింగ్ సెక్షన్ నేనే చూసుకుంటున్నాను. అంకప్ప సార్‌ను తలచుకుని క్యాంటీన్‌లో నవ్వించని రోజు లేదు. రెండు వేళ్ళు పెట్టి చూపిస్తే అందరూ పడిపడి నవ్వుతారు.

పోయిన నెల మా కాలేజీ నుంచే ఆశ అని ఒక పిల్ల ట్రైనీగా చేరింది. మూడు నెలలు చూసి, పనికొస్తుందని నేను సంతకం పెడితేనే ఆమెను ఉంచుకుంటారు. మొదటి రోజు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, సర్క్యూట్ తెరిచి రన్ చెయ్యమన్నాను. ఆమె తెర పైఅంచు అంతా వెతికింది. రెండు వేళ్ళు గాల్లో లేపి, ఎక్కడ ఆనించాలో తెలియక అలాగే ఉండిపోయింది. భయపడుతూ నా వైపు తిరిగింది.

“మేడం, దీనికి బొట్టు యాడ పెట్టినారు?”

నవ్వు వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆ పిల్ల మూడేళ్ళు వేళ్ళు ఆనించింది నేను పెట్టిన బొట్టు కిందే.

కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. “వేళ్ళు దించు,” అన్నాను. “పైన మొదటి బొత్తాం పేరు చదువు.”